కాకినాడ, కోనసీమ వైపు చేపలు, రొయ్యలు, పీతలు తినడానికి వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కాకినాడ. ఏటా వానలు మొదలైతే చాలు హైదరాబాద్ నుంచి, బెంగుళూరు నుంచి చుట్టాలు, పాత ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. చెప్పీ చెప్పీ ఒకచోట రాసేస్తే ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసుకుంటారు కదా అనిపించింది. మొదటినుంచి చదవక్కర్లేదు, మీకు ఏ డౌట్ ఉంటే అక్కడికే వెళ్ళిపోండి. నేను అందరికీ చెప్పేది మాత్రం ఒకటే, మీ మనసులో ఉన్న చేప పేరు పట్టుకుని రాకండి, ఆ రోజు వలలో ఏం పడిందో అడిగి అది తినండి.

## బయల్దేరే ముందు

ఏ నెలలో వస్తే మంచి చేపలు దొరుకుతాయి?

జూన్ 15 తర్వాత ఎప్పుడైనా రావచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరమంతా సముద్రంలో బోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టుకునే టైం అని. అది అయిపోగానే బోట్లన్నీ ఒక్కసారి దిగుతాయి కాబట్టి జూన్ ఆఖరు, జులైలో రేవు కళకళలాడిపోతుంది. నన్నడిగితే మాత్రం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది, ఎండ ఉండదు, చేప తొందరగా పాడవదు, మీరూ హాయిగా తిరగొచ్చు. ఒక్కటే, బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో వస్తే ప్రయాణం రెండు మూడు రోజులు వెనక్కి జరుపుకోండి. వేటకి వెళ్ళొద్దని హెచ్చరిక ఇస్తే బోట్లు కదలవు, మార్కెట్లో ఉన్నదంతా పాత సరుకే.

పిల్లల సెలవులు కాబట్టి మేలోనే రాగలం, అస్సలు చేపలు దొరకవా?

దొరుకుతాయి. నిషేధం ఇంజిన్ ఉన్న బోట్లకి, ఇంజిన్ లేని తెప్పలు, నాటు పడవల మీద ఒడ్డు దగ్గర పట్టేవాళ్ళకి కాదు. వాళ్ళ దగ్గర కొద్దికొద్దిగా చిన్న చేపలు వస్తాయి, రేటు ఎక్కువే ఉంటుంది. ఇక చెరువు చేపలు ఎప్పుడూ ఉంటాయి, శీలావతి, బొచ్చె, కొరమీను, పండుగొప్ప, వనామి రొయ్య వీటికి నిషేధంతో సంబంధం లేదు. మేలో ఎవరైనా నిన్న రాత్రి బోటులో వచ్చిన వంజరం అంటే నమ్మకండి, అది కోల్డ్ స్టోరేజీది అయినా అయ్యుండాలి, పడమటి తీరం నుంచి ఐస్‌లో వచ్చిందైనా అయ్యుండాలి. కాబట్టి ఆ టైంలో సముద్రం చేప కోసం పట్టుబట్టకండి, దయచేసి. మే అంటే తాటిముంజెలు, మామిడికాయలు, చింతచిగురు అయిపోయే రోజులు. ఎండు రొయ్యలు మామిడికాయ కూర, ఎండు నెత్తళ్ళ ఇగురు తినండి, మా ఇళ్ళల్లో మేం ఆ నెలల్లో తినేది అదే.

పులస ఎప్పుడు దొరుకుతుంది? నిజంగా అంత రేటు పెట్టేంత ఉంటుందా?

గోదావరికి వరద వచ్చి ఎర్రనీరు సముద్రంలో కలిసేటప్పుడు, అంటే జులై నుంచి సెప్టెంబర్ లోపు. సముద్రంలో ఉన్నప్పుడు దీన్నే విలస అంటాం, ఇంగ్లీషులో హిల్సా, బెంగాలీల ఇలిష్ అదే. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది పైకి వస్తుంది, ఆ తీపి నీళ్ళలో ఈదిన తర్వాతే దానికి ఆ రుచి, ఆ పేరు. ధవళేశ్వరం బ్యారేజీ దాటి పైకి వెళ్ళలేదు కాబట్టి దొరికేదంతా కింద పాయల్లోనే. పుస్తెలమ్మి అయినా పులస తినాలి అని మా వైపు సామెత. యానాంలో రెండు కిలోల చేప 20,000 దాటి పలికిన సందర్భాలు ఉన్నాయి.

అంత పెట్టాలా అంటే, మీరు ముళ్ళు ఓపికగా తీసుకుని తినే మనిషైతే, నలుగురు కలిసి వేసుకుని ఒక్కసారి తినండి, ఆ నూనె దిగిన పులుసు రుచి వేరే దేనికీ రాదు. ముళ్ళంటే భయం ఉన్నవాళ్ళు మాత్రం వద్దు, వెంట్రుక లాంటి ముళ్ళు వందలు ఉంటాయి. అలాంటివాళ్ళు ఆ డబ్బులో పావు వంతుకి మంచి పండుగొప్ప తెచ్చుకుని తృప్తిగా తింటారు.

చీరమేను అంటే ఏంటి, చీరకీ దానికీ సంబంధం ఏంటి?

గోదావరి సముద్రంలో కలిసే చోట దసరా, దీపావళి రోజుల్లో తూర్పుగాలి తగిలినప్పుడు దొరికే చేప పిల్లలు. ఎంత సన్నం అంటే మామూలు వలలో నిలవవు, అందుకని చీరలు, పలచటి గుడ్డలు వేసి పడతారు, ఆ పేరు అలా వచ్చింది. తూకం ఉండదు, గ్లాసుల్తో, డబ్బాల్తో కొలిచి అమ్ముతారు. యానాంలో బాగా దొరుకుతుంది. చింతచిగురు దొరికితే అందులో, లేదంటే మసాలా పెట్టి ఇగురులా చేస్తారు, గారెల్లా వేసేవాళ్ళు కూడా ఉన్నారు. సీజన్ చాలా చిన్నది కాబట్టి దానికోసమే టికెట్ బుక్ చేసుకోకండి, ఉన్న రోజు మీరు ఉంటే అదృష్టం.

కార్తీక మాసంలో వస్తే నాన్‌వెజ్ దొరుకుతుందా?

బాగా దొరుకుతుంది, పైగా రేట్లు తగ్గుతాయి. చాలా ఇళ్ళల్లో ఆ నెలంతా నీచు ముట్టరు, మాల వేసుకునేవాళ్ళు కూడా ఎక్కువే, కొనేవాళ్ళు తగ్గడంతో మిగతా రోజుల్లో చేతికందని చేప కూడా అందుతుంది. మాసం అయిపోయిన మర్నాడు మాత్రం మార్కెట్‌కి వెళ్ళకండి, ఊరంతా అక్కడే ఉంటుంది.

మాలో ఇద్దరు వెజిటేరియన్లు, వాళ్ళు ఇబ్బంది పడతారా?

అస్సలు పడరు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, కంద బచ్చలి, పెసరట్టు ఉప్మా ఉన్న ఊళ్ళివి. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ భోజనం శాకాహారులకే, అరిటాకులో వడ్డించే ఐటమ్స్ లెక్కపెట్టలేరు. తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఉండనే ఉన్నాయి, పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువు అనే గుర్తింపు కూడా వచ్చింది.

## రేవులో, మార్కెట్లో కొనేటప్పుడు

ఎక్కడికి వెళ్ళాలి, ఎన్ని గంటలకి?

కాకినాడలో కుంభాభిషేకం రేవు, ఊరి బయట ఉప్పాడ తీరం. విశాఖ వైపు ఉంటే ఫిషింగ్ హార్బర్. తెల్లారకముందే వెళ్ళండి, ఆరు దాటితే మంచి సరుకు వేలంపాటలో వెళ్ళిపోతుంది.

రేవులో రెండు రకాల సరుకు ఉంటుందని ముందు తెలుసుకోవాలి, ఇది చాలామందికి తెలియదు. పెద్ద మరబోట్లు సముద్రంలో చాలా రోజులు ఉండి వస్తాయి, మొదటిరోజు పట్టిన చేప ఐస్‌లో పడుకుని పడుకుని ఒడ్డుకి చేరేసరికి వారం దాటినా దాటొచ్చు. చిన్న ఫైబర్ బోట్లు అర్ధరాత్రి వెళ్ళి తెల్లారేసరికి వచ్చేస్తాయి. బోటు దిగిందంటే చేప తాజాది అని కాదు, ఏ బోటు దిగింది అన్నది చూడాలి. ఇసుక మీద వల దులుపుతున్న ఫైబర్ బోటు దగ్గర నిలబడితే చేప ఇంకా మొప్పలు కొట్టుకుంటూ కనిపిస్తుంది, వల కన్నుల్లోంచి ఒక్కొక్కటే విడదీసి గంపలో పడేస్తుంటారు, ఆ శబ్దం ఒకసారి వింటే ఫ్రీజర్ చేప కొనబుద్ధి కాదు.

వెళ్ళేటప్పుడు తడిసినా పర్లేదనుకునే చెప్పులు వేసుకోండి, చిల్లర పెట్టుకోండి. వాళ్ళ పనికి అడ్డంగా నిలబడి ఫోటోలు తీయకండి, ఆ గంటలోనే వాళ్ళ రోజు కూలి తేలుతుంది.

తాజా చేపని ఎలా గుర్తుపట్టాలి?

మా అత్తయ్య నాకు నేర్పింది చెప్తాను. ముందు చేపని తోక దగ్గర కాదు, తల దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తుతుంది, తాజా చేప కర్రలా బిగుసుకుని ఉంటుంది, పాతది తువ్వాలులా వేలాడుతుంది. తర్వాత బొటనవేలితో మొప్ప ఎత్తి చూస్తుంది, లోపల ఎర్రగా తడిగా ఉండాలి, గోధుమరంగులోకి తిరిగినా జిగురు కట్టినా తిరిగి గంపలోనే పెట్టేస్తుంది. కన్ను ఉబ్బెత్తుగా, నల్లగుడ్డు తేటగా ఉండాలి, లోపలికి గుంటపడి తెల్లగా పొర కట్టినట్టుంటే వద్దు. ఆఖర్న వేలితో నొక్కుతుంది, గుంట వెంటనే పైకి రావాలి. ఇదంతా ఆవిడకి పది సెకన్ల పని.

వాసన సంగతి, తాజా సముద్రం చేపకి సముద్రం వాసనే వస్తుంది, ముక్కు మూసుకునే నీచు వాసన వచ్చిందంటే అది అప్పటికే పాతది. ముక్కలు కోసి పెట్టిన చేప మాత్రం కొనకండి, తల లేకపోతే మొప్పా కన్నూ చూడలేరు కదా.

చేప పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలుపుతారట కదా?

ఈ భయం ఊరికే పుట్టలేదు, 2018లో అస్సాం ప్రభుత్వం ఫార్మలిన్ అనుమానంతో మన ఆంధ్ర నుంచి వెళ్ళే చేపని కొన్నాళ్ళు ఆపేసింది కూడా. అది దూరం వెళ్ళే చేప సమస్య. పక్క ఊళ్ళో తెల్లారి పట్టి తెల్లారే అమ్మే చేపకి దాని అవసరం ఏముంటుంది చెప్పండి. శరీరం రబ్బరులా గట్టిగా ఉండి, కన్ను మాత్రం చచ్చిపోయి, మొప్పలు వాడిపోయి, వాసనే లేకుండా ఉంటే అనుమానించండి.

ఇది అసలు పులసా కాదా అని ఎలా తెలుస్తుంది?

చూసి తేల్చడం చాలా కష్టం, చెప్పాలంటే నాకూ రాదు. సముద్రం విలస, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐస్‌లో వచ్చే ఇలిష్, ఇవన్నీ ఒకే జాతి చేప, ఆకారంలో తేడా ఏముంటుంది. పాతవాళ్ళు ఏటి చేప వెండిలా మెరుస్తుంది, సముద్రంది కొంచెం ఎర్రడాలు వేస్తుంది అంటారు, అది రోజూ పట్టేవాళ్ళ కంటికి తెలుస్తుంది గానీ మనకి కాదు.

రెండేళ్ళ క్రితం హైవే పక్కన ఒక షాపులో ఆరు వేలు పెట్టి కొన్నాను. ఇంటికి అతిథులు వస్తున్నారని ఆగకుండా తీసేసుకున్నా. పొయ్యి మీద పెట్టి ఎంతసేపు ఉడికినా పులుసు మీద నూనె తేలలేదు, ముక్క పీచుపీచుగా ఉంది, అందరూ మర్యాదకి బావుందన్నారు. అప్పటినుంచి ఏటి ఒడ్డునే కొంటున్నాం, యానాం గానీ ఎదుర్లంక గానీ వెళ్ళి, తెలిసిన వాళ్ళకి ముందే ఫోన్‌లో చెప్పి, వరద వచ్చినప్పుడు మాత్రమే. మీకు తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే మీరు దిగిన ఊళ్ళో ఇంటాయన్నో, ఆటో డ్రైవర్నో పట్టుకోండి, ఇక్కడ ప్రతివాడికీ పులస తెచ్చే బావమరిది ఒకడుంటాడు. ఎవరైనా జనవరిలో పులస అని బోర్డు పెడితే లోపలికి కూడా వెళ్ళకండి.

నాకు వంజరం, చందువా తప్ప పేర్లే తెలీదు, ఇంకేం కొనొచ్చు?

ఈ రెండు పేర్ల వల్లే బయటివాళ్ళు ఎక్కువ డబ్బు పెడుతున్నారు. వంజరం ఫ్రై బాగుంటుంది, కాదనను. కానీ పులుసుకి మాగ గానీ పండుగొప్ప గానీ తీసుకోండి, ముక్క వెన్నలా ఉంటుంది. వేపుడుకి గులివిందలు, చిన్నగా గులాబీ రంగులో ఉంటాయి, కరకరలాడేలా వేయించి పప్పుచారుతో తింటే చాలు. కానాగంతలు, కవళ్ళు చవక, నూనె ఉన్న చేపలు, ఒంటికి మంచివి, చింతపండు కాస్త ఎక్కువ పోసి పులుసు పెట్టాలి. నెత్తళ్ళు తల తీసి మామిడికాయతో వండితే ముల్లుతో సహా నమిలేయొచ్చు. సొర తెస్తే పుట్టు చేయించండి, ఉడకబెట్టి, తోలు, నడిమి మెత్తటి ఎముక తీసి, పొడిలా చిదిమి, ఉల్లిపాయ పచ్చిమిర్చితో వేయిస్తారు, ముళ్ళంటే భయపడే పిల్లలు కూడా తింటారు.

కానాగంతల విషయంలో ఒక జాగ్రత్త, ఎండలో నిలవున్నవి వద్దు. ఈ జాతి చేపల్లో వేడికి హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది, ఎంత ఉడికించినా పోదు, తిన్న అరగంటలో ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి.

రొయ్యలు సముద్రంవా చెరువువా, కౌంట్ అంటే ఏంటి?

కౌంట్ అంటే కేజీకి ఎన్ని తూగుతాయి అని, 30 కౌంట్ అంటే పెద్దవి, 100 కౌంట్ అంటే చిన్నవి. భీమవరం వైపు నుంచి వచ్చేవి దాదాపు అన్నీ వనామి, 2009లో ప్రభుత్వం అనుమతిచ్చాక మన చెరువుల్ని ఆ జాతే నింపేసింది. దాన్ని తక్కువ చేయక్కర్లేదు, ఉదయం పట్టిన వనామి వారం నాటి సముద్రం రొయ్య కన్నా బాగుంటుంది. కానీ తీపి కావాలంటే సముద్రం తెల్లరొయ్యే. ఏటి నీళ్ళలో దొరికే నీలకంఠ రొయ్య కనిపిస్తే వదలకండి, పొడుగాటి నీలం కొండేలు ఉంటాయి, తలలో ఉన్న గుజ్జు పులుసులో కలిస్తే ఆ చిక్కదనమే వేరు.

తల నల్లబడినా, తల ఊడిపోతున్నా పాతవి అని అర్థం.

పీతల్లో కండ లేదు, ఎలా చూసి కొనాలి?

బతికున్నవే కొనండి, చచ్చిన పీత చవగ్గా ఇస్తానన్నా వద్దు, చాలా తొందరగా పాడవుతుంది. ఒకే సైజువి రెండు తీసి రెండు చేతుల్లో పట్టుకోండి, బరువైంది తీసుకోండి. కొత్తగా పెంకు మార్చుకున్న పీత సైజు ఉంటుంది గానీ లోపల నీళ్ళే, పొట్ట వైపు అంచు నొక్కితే మెత్తగా దిగిపోతుంది. కోరంగి మడ అడవుల వైపు నుంచి వచ్చే మండపీత పెద్దది, కొండేలు తాడుతో కట్టి అమ్ముతారు, ఇంటికెళ్ళాక కూడా ఆ తాడు విప్పకండి, వేలు నలిగిపోతుంది. అమావాస్య పీతకి కండ, పున్నమి పీత గుల్ల అని మా పెద్దవాళ్ళ మాట, మా ఇంట్లో ఇప్పటికీ అలాగే కొంటాం.

బేరం ఆడొచ్చా?

ఆడొచ్చు, కానీ గంప ముందు కూర్చున్న అమ్మ దగ్గర చివరి ఇరవై రూపాయలకి కూర్చోకండి. ఆవిడ రాత్రి రెండింటికి లేచి, పాటలో తన డబ్బు పెట్టి కొని, బస్సులో మోసుకొచ్చింది, మధ్యాహ్నం దాకా అమ్మకపోతే ఆ చేప ఎండబెట్టుకోవాల్సిందే. శుభ్రం చేసి ముక్కలు కొట్టించుకోవడానికి విడిగా డబ్బులు ఇవ్వాలి, అది కత్తిపీట వాళ్ళ కూలి.

## హోటల్లో తినేటప్పుడు

మెనూలో ఏం ఆర్డర్ చెయ్యాలి?

మెనూ పక్కన పెట్టి ఈరోజు ఏ చేప వచ్చిందండీ అని అడగండి. కుర్రాడు ఆలోచించకుండా ఒక పేరు చెప్పాడంటే మంచి గుర్తు, అన్నీ ఉన్నాయి సార్ అన్నాడంటే అన్నీ ఫ్రీజర్లో ఉన్నాయి అని. భోజనం మధ్యాహ్నమే తినండి, మా వైపు చిన్న మెస్సుల్లో పొద్దున తెచ్చిన చేప మధ్యాహ్నానికి వండేస్తారు, రెండున్నర తర్వాత అడుగున పులుసే మిగులుతుంది. చేపల పులుసు, రొయ్యల ఇగురు, ఒక వేపుడు, ఆఖర్న పెరుగు, ఇంతే చాలు. బిర్యానీలో చేప వేసి తినడం మీ ఇష్టం, మసాలాలో చేప రుచి పోతుందని నా బాధ.

అపోలో ఫిష్‌లో వేసేది ఏ చేప?

ఒకప్పుడు కొరమీను వేసేవారు, ఇప్పుడు చాలాచోట్ల ముళ్ళు లేని చవక ముక్క అంటే పంగాసియస్, మన ఊళ్ళల్లో ఫంగస్ చేప అనేస్తారు, అదీ చెరువులో పెంచేదే. విషం ఏం కాదు. కానీ సముద్రం ఒడ్డుకి వచ్చి అది తింటారా?

చిన్నపిల్లలకి ఏం పెట్టొచ్చు?

చిన్న సైజు వంజరం, చిన్న సొరతో చేసిన పుట్టు, రొయ్య తల తీసినది. మొదటిసారి రొయ్య, పీత పెడుతుంటే కొంచెమే పెట్టి చూడండి, ఎలర్జీ ఉంటే దద్దుర్లు, పెదాలు వాయడం కనిపిస్తాయి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి.

## ఇంట్లో వండుకునేటప్పుడు

నీచు వాసన పోవాలంటే ఎలా కడగాలి?

కళ్ళుప్పు, పసుపు, కాస్త నిమ్మరసం వేసి రుద్ది రెండు సార్లు కడగండి. పొట్ట లోపల నల్లటి పొర ఉంటుంది, వెన్ను పొడుగునా రక్తం గడ్డ ఉంటుంది, ఆ రెండూ గోటితో గీకి తీస్తే వాసన చాలావరకు పోతుంది. అదేపనిగా పది నీళ్ళు కడిగితే వాసనతో పాటు రుచీ పోతుంది.

పులుసులో ముక్క విరిగిపోతోంది, ఏం తప్పు చేస్తున్నాను?

గరిటె పెడుతున్నారు. ముక్క పడ్డాక గరిటె లోపలికి వెళ్ళకూడదు. వెడల్పుగా ఉన్న దాక తీసుకోండి, ఉల్లిపాయ వేగి, కారం, ఉప్పు, పసుపు పడి, చింతపండు రసం తెర్లి పచ్చివాసన పోయాకే ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. తర్వాత రెండు గుడ్డలతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా ఒక్కసారి తిప్పి దింపండి, అంతే, మధ్యమధ్యలో అదే పని. మంట తగ్గించండి. పదీ పదిహేను నిమిషాల్లో నూనె అంచులకి చేరుతుంది, అప్పుడు ఆపేసి మూత పెట్టి మర్చిపోండి. పొద్దున వండి రాత్రి తింటే ఒక రుచి, మర్నాడు తింటే ఇంకో రుచి.

పులస పులుసు ఎలా పెడతారు, మామూలు చేపల పులుసుకీ దానికీ తేడా ఏంటి?

మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద గానీ పిడకల మీద గానీ సన్నటి సెగన. ఉల్లిపాయ ముద్ద, పచ్చిమిర్చి చీలికలు, కారం, చిక్కటి చింతపండు పులుసు, మామూలే. తేడా ఏంటంటే లేత బెండకాయలు నిలువుగా వేస్తాం, కొత్త ఆవకాయ మీద తేలిన నూనె రెండు గరిటెలు పోస్తాం, దింపేముందు కొంచెం వెన్న. మసాలా పొడులు వెయ్యరు, దాని సొంత కొవ్వే దిగాలి. జన, అంటే చేప గుడ్లు, ఉంటే విడిగా ఉంచి ఆఖర్న వెయ్యండి. వండిన రోజు మా ఇంట్లో ఎవరినీ మూత తియ్యనివ్వదు మా అమ్మ. మర్నాడు మధ్యాహ్నం వేడి అన్నంలో చల్లటి పులుసు, వేడి చెయ్యకుండానే.

నెల్లూరు చేపల పులుసుకీ గోదావరి పులుసుకీ తేడా?

నెల్లూరు వాళ్ళు మామిడికాయ ముక్కలు వేస్తారు, మెంతులు, జీలకర్ర, ఆవాలు వేయించిన పొడి చల్లుతారు, పులుపు ముందు తగులుతుంది. మా వైపు ఉల్లిపాయ ఎక్కువ, చిక్కదనం ఎక్కువ. ఏది గొప్ప అని నన్ను అడగకండి, నెల్లూరు వెళ్తే అది తినండి, ఇక్కడికి వస్తే ఇది తినండి.

రొయ్యలు రబ్బరులా సాగుతున్నాయి?

ఎక్కువ ఉడికాయి. వెన్ను మీద నల్లనరం తీసి, ఉప్పు పసుపు వేసి ఒట్టి మూకుడులో పెడితే నీళ్ళు ఊరతాయి, ఆ నీళ్ళు ఇగరగానే తీసి పక్కన పెట్టండి. మసాలా అంతా విడిగా వేగాక చివర్లో కలిపి మూడు నాలుగు నిమిషాలు. ములక్కాడ గానీ గోంగూర గానీ వేస్తే అవి ముందే ఉడికి ఉండాలి.

## తిన్నాక, తిరిగి వెళ్ళేటప్పుడు

చేప తిన్నాక పెరుగు తినొచ్చా, బొల్లి వస్తుందంటారు?

తినొచ్చు. బెంగాలీలు పెరుగులోనే చేప వండుకుంటారు. బొల్లి అనేది మన ఒంట్లో రక్షణ వ్యవస్థే రంగు కణాల మీద పడటం వల్ల వచ్చేది, తిండి కలపడం వల్ల కాదు. మీకు పడకపోతే మానేయండి, భయంతో మాత్రం కాదు.

ముల్లు గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగితే పోతుందా?

ఆ పని చెయ్యకండి, ముల్లు ఇంకా లోతుకి దిగొచ్చు. గట్టిగా దగ్గి చూడండి. ఇంకా గుచ్చుతున్నట్టే ఉంటే, మింగుతుంటే నొప్పి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే నిమిషంలో తీసేస్తారు.

గర్భిణులు, బాలింతలు తినొచ్చా?

చిన్న చేపలు శుభ్రంగా ఉడికించి తినొచ్చు, నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు మంచివి. మా వైపు బాలింతకి పాలు పడతాయని సొరపుట్టు పెట్టే అలవాటు ఉంది. కానీ సొర లాంటి పెద్ద వేటచేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు, పాలిస్తున్నప్పుడు పెద్ద సొర, పెద్ద వంజరం తగ్గించి చిన్న చేపల వైపు వెళ్ళడం మంచిది. పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోకుండా నెత్తళ్ళు తెచ్చివ్వండి, వాళ్ళూ ఆనందిస్తారు.

హైదరాబాద్ దాకా చేప పాడవకుండా ఎలా తీసుకెళ్ళాలి?

థర్మోకోల్ బాక్సు, చేప ఎంత బరువో ఐస్ కూడా అంత. పొట్ట, మొప్పలు తీయించి, ముక్కలు కొట్టించకుండా చేపని చేపగానే ఒక వరస ఐస్, ఒక వరస చేప పేర్చమనండి. రేవు దగ్గర ప్యాకింగ్ చేసేవాళ్ళు ఉంటారు. కరిగిన నీళ్ళలో చేప నానకూడదు, కవర్లో చుట్టి పెట్టండి. సాయంత్రం ప్యాక్ చేసి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్, అప్పటికీ ఐస్ మిగిలే ఉంటుంది. టేప్ గట్టిగా వేయించండి, బెర్తు కింద నీళ్ళు కారితే పక్కవాళ్ళు బాధపడతారు.

అమెరికాలో ఉన్న అమ్మాయికి ఎండు చేపలు పంపొచ్చా?

ఏం పంపొచ్చు ఏం పంపకూడదు అన్నది కొరియర్ వాళ్ళనీ ఆ దేశం కస్టమ్స్ రూల్స్‌నీ చూసుకుని, డిక్లేర్ చేసే పంపండి. కొనేటప్పుడు మాత్రం ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు వంగితే విరిగేలా ఎండినవి తీసుకోండి, మెత్తగా ఉంటే పురుగు పడతాయి. ఇసుక మీద కాకుండా పందిరి కట్టి వల మీద ఆరబెట్టినవి అడగండి, పంటికింద ఇసుక తగలదు. ఇంటికి తెచ్చాక ఒకపూట ఎండలో పెట్టి, తలలు తీసి, ఒట్టి మూకుడులో దోరగా వేయించి సీసాలో పోస్తే నెలల తరబడి ఉంటాయి. మా అమ్మ అందులో నాలుగు ఎండుమిరపకాయలు కూడా వేసి మూత బిగిస్తుంది.